ఒప్పందంలో లేనివాళ్ళు

విజయ్ పాల్, అతని భార్య రూబీ ఇద్దరూ పుట్టు మూగవాళ్ళు. చెవులు కూడా వినపడవు. వాళ్ళ మాటలన్నీ చేతుల్లోనే. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీలో అతని పని, ఆ పక్క వీధిలోనే వాళ్ళ అద్దె గది. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. మిణుగురు అనే దేశీ కంపెనీ చవగ్గా అమ్మిన ఫోర్ జీ ఫోను. దాంట్లోనే మండపేటలో టీచరుగా ఉన్న విజయ్ పాల్ చెల్లెలు ఆశాజ్యోతి వాళ్ళకు వీడియోలో కనిపించేది. రూబీ కడుపుతో ఉన్నప్పుడు ప్రతినెలా ఆస్పత్రిలో ఆ తెర మీదనే వదిన చేతులు చూసి డాక్టరుకు మాటల్లో చెప్పేది.

తొమ్మిదో నెలలో ఫోను కిందపడి తెర పోయింది.

"ఈ కంపెనీ తెరలు రావట్లేదు. ఫోన్లూ రావట్లేదు. కోర్టు ఆపేసింది" అని షాపతను చేతులు అడ్డంగా ఊపాడు. మిగతా కంపెనీల ఫోన్లు రెండింతల ధర. జీతం అందాక కొందామనుకున్నారు.

జీతం అందకముందే ఒకరోజు పొద్దున్న రూబీ విజయ్ పాల్ చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల కదలిక లేదు. ఇద్దరూ ఆస్పత్రికి పరిగెత్తారు. రూబీ పొట్ట చూపించి, లేదు లేదని చేతులు ఊపింది. సిస్టర్ నవ్వింది.

"నొప్పుల్లేవంటున్నావా? ఇంకా టైముందమ్మా, పడుకో."

కాదని విజయ్ పాల్ ఎన్ని రకాలుగా చూపించాడో! రాద్దామంటే వాళ్ళిద్దరికీ సంతకం తప్ప రాత రాదు. చివరికి జేబులోంచి చెల్లెలి నంబరున్న కాగితం తీసి ఇచ్చాడు. సిస్టర్ ఫోన్ చేసింది.

"ఒక్కసారి వీడియో పెట్టండి సిస్టర్, వదిన చేతులు చూస్తే చాలండి" అని ఆశాజ్యోతి బతిమాలింది.

"డ్యూటీలో వీడియోలు పెట్టనివ్వరండి. నొప్పుల్లేవంటున్నారు, కంగారేం లేదు."

ఆశాజ్యోతి క్లాసు వదిలేసి బస్సెక్కింది. రావులపాలెంలో ఇంకో బస్సు మారి భీమవరం చేరేసరికి సాయంత్రమైంది. ఆమెను చూడగానే రూబీ మంచం మీద లేచి కూర్చుంది. "పొద్దుటి నుంచి కదల్లేదు. వీళ్ళకు చెప్పు" అన్నాయి ఆమె చేతులు. ఆశాజ్యోతి అరిచింది. స్కాన్ తీశారు. అప్పటికే బిడ్డ గుండె ఆగిపోయింది. ఆడపిల్ల.

ఆస్పత్రి మీద ఫిర్యాదు ఇచ్చారు. ఆ సిస్టర్‌ని వేరే వార్డుకు మార్చారు. విజయ్ పాల్ కోపం అక్కడితో ఆగలేదు. ఆ ఫోన్లు ఎందుకు ఆగాయో తెలియాలన్నాడు. వాళ్ళ చర్చికి వచ్చే లాయరు జాషువా గారు కాగితాలన్నీ తెప్పించి చదివారు.

"ఫోర్ జీ నడవాలంటే ఒక విదేశీ కంపెనీ పేటెంట్లు వాడి తీరాలమ్మా. వేరే దారి లేదు. వాళ్ళు తమ పేటెంటున్న చిన్న భాగానికి కాకుండా మొత్తం ఫోను ధర మీద వాటా అడిగారు. మిణుగురు వాళ్ళు అంత ఇచ్చేది లేదన్నారు. కేసు తేలేదాకా అమ్మకాలు ఆపమని కోర్టు చెప్పింది."

"వేరే దారి లేనప్పుడు వాళ్ళు ఎంత అడిగితే అంత ఇవ్వాలా అండి?" అంది ఆశాజ్యోతి.

"అలా అడగకుండా చూడ్డానికే పోటీ చట్టం ఉంది. దాన్ని చూసే కాంపిటీషన్ కమిషన్‌కి రాద్దాం."

రాశారు. ఇది పేటెంటు లైసెన్సు గొడవ, పేటెంటు చట్టం కిందే తేలాలని జవాబొచ్చింది. పేటెంటు కేసులో చేరతామంటే, అది రెండు కంపెనీల మధ్య వ్యవహారం, మీరెవరంది కోర్టు. ఈలోగా ఆ రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. ఎంతకు పడ్డాయో రహస్యం. మిణుగురు ఫోను మళ్ళీ వస్తోందని రాజమండ్రిలో పెద్ద హోటల్లో సభ పెట్టారు. ధర మాత్రం బాగా పెంచారు.

ఆ సభకు విజయ్ పాల్, ఆశాజ్యోతి వెళ్ళారు. వేదిక మీద మిణుగురు అధికారి రాజేంద్ర, పక్కన విదేశీ కంపెనీ ప్రతినిధి. ఇద్దరూ చేతులు కలిపి ఫొటోకు నిలబడ్డారు. ప్రశ్నలుంటే అడగమనగానే విజయ్ పాల్ లేచాడు. అతని చేతులు వేగంగా కదిలాయి. ఆశాజ్యోతి మైకు అందుకుంది.

"మా అన్నయ్య ఒక చిన్న విషయం అడుగుతున్నారండి..."

విజయ్ పాల్ ఆమె పెదవులనే చూస్తున్నాడు. ఆమె భుజం మీద గట్టిగా తట్టాడు. "మెత్తగా చెప్పకు. నా చేతులు అండి అనలేదు."

అతని వేలు విదేశీ ప్రతినిధి వైపు తిరిగింది. ఆశాజ్యోతి గొంతు మారింది.

"నువ్వు కనిపెట్టినదానికి డబ్బు తీసుకో, వద్దనను. కానీ అది లేకుండా ఏ ఫోనూ పనిచేయదని తెలిసే గొంతు పట్టుకున్నావు. రాజేంద్రా, నువ్వేమో మాలాంటివాళ్ళ కోసం పోరాడుతున్నానని పేపర్లో వేయించుకున్నావు. రాజీపడి ఆ భారం మా నెత్తినే వేశావు. మీ ఇద్దరికీ నష్టం తీరింది. నా భార్య బిడ్డ కదలట్లేదని రోజంతా అరిచింది. ఆ అరుపు వినపడాలంటే ఒక ఫోను కావాలి. అది మీ గొడవలో ఆగిపోయింది. నా కూతురు చచ్చిపోయింది. ఏ కాగితంలో రాసుకున్నారు ఆ సంగతి?"

రాజేంద్ర మైకు దగ్గరికొచ్చాడు.

"చాలా బాధాకరం అండి. కానీ ఆస్పత్రి విషయం మా కిందకి రాదు కదండి. మా తరఫున కొత్త ఫోను బహూకరిస్తాం, ఒక్కసారి పైకి రండి."

ఫొటో తీసేవాడు ముందుకొచ్చాడు. విజయ్ పాల్ వేదికెక్కాడు. రాజేంద్ర అందించిన పెట్టెను తీసుకుని ఆ విదేశీ ప్రతినిధి కాళ్ళ దగ్గర విసిరేశాడు. సెక్యూరిటీ వాళ్ళు అన్నాచెల్లెళ్ళిద్దర్నీ రెక్కలు పట్టుకుని బయటకు తీసుకొచ్చారు. రోడ్డు మీద నిలబడి కూడా అతని చేతులు ఆగలేదు. ఈసారి చెల్లెలికి కూడా అర్థం కాని తిట్లు.

హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేద్దామన్నారు జాషువా గారు. రాజీ రేటు బయటపెట్టాలని, ఇలాంటి కేసుల్లో ఫోను వాడేవాళ్ళ గోడు వినకుండా అమ్మకాలు ఆపకూడదని. మొదటి పేరు తనదే ఉండాలంది రూబీ. ఆయన రాసింది ఆశాజ్యోతి చేతులతో చెబుతుంటే, ఒకచోట రూబీ బల్ల మీద చరిచింది.

"చనిపోయింది కాదు. చంపేశారని రాయమను."

"కోర్టులో అలా రాస్తే ఒప్పుకోరమ్మా, వెనక్కి పంపేస్తారు" అన్నారాయన.

"పంపనివ్వండి. వదిన చెప్పిందే రాయండి" అంది ఆశాజ్యోతి.

రాశారు. పిటిషన్ వెనక్కొచ్చింది. 'మరణానికి కారణమయ్యారు' అని మార్చి మళ్ళీ వేద్దామంటే రూబీ రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. మూడో రోజు వచ్చి సంతకం పెట్టింది. ఈసారి కోర్టు తీసుకుంది, కేసుకు నంబరు పడింది. వాయిదాకు తనూ వస్తానంది. వదిన చేతులు చెప్పేది కోర్టులో చెప్పడానికి ఆశాజ్యోతి బడికి సెలవు పెట్టింది.