షియాన్‌కి ఆరుసార్లు

గోంగూరపప్పు ఉడికిందీ లేనిదీ శాలేమురాజు మూత తీయకుండానే చెబుతాడు. గుండిగ దగ్గరికి చెవి వంచి విన్నాడు. కుతకుత తగ్గి, అడుగు నుంచి బరువుగా గుడగుడమంటోంది. మంట తగ్గించి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ముంజేతుల మీద నూనె చిందిన మచ్చలు పాతవీ కొత్తవీ కలిసిపోయాయి. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో కత్తిపీటకు చీలి, అప్పట్నుంచీ రెండుగానే పెరుగుతోంది. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగి, ఎనిమిదన్నా కాకముందే ఈ కల్యాణమండపం వెనక వంటశాలలో పొయ్యి వెలిగించాడు.

ముందు హాల్లో మైకు మోగుతోంది. వచ్చే నెల చైనా యాత్రకు పేర్లిచ్చిన వాళ్ళను పిలిచి, ట్రావెల్స్ యజమాని ఉదయ్ కిరణ్ తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. తెనాలి వాళ్ళూ బాపట్ల వాళ్ళూ కలిసి యాభైమంది దాకా ఉన్నారు.

"షియాన్ అంటే మామూలు ఊరు కాదండీ. పాత పేరు చాంగాన్. పదమూడు రాజవంశాలు అక్కడి నుంచి ఏలాయి. ఊరి చుట్టూ కోటగోడ, దాని మీద సైకిలు తొక్కొచ్చు. గంట బురుజు, నగారా బురుజు, మట్టి సైన్యం! వేలమంది సైనికులు, ఒకడి మొహం ఇంకోడికి ఉండదు."

ఉల్లిపాయలు తరుగుతున్న శాలేమురాజు పెదాలు ఆ మాటల వెంటే కదులుతున్నాయి. ఆరుసార్లు విన్నాడు. తర్వాత వచ్చేదీ తెలుసు.

"ఇక భోజనం సంగతంటారా, మన రాజుగారు మీ వెంటే వస్తారు. ఆచారం తప్పని చెయ్యి. ఉల్లి వద్దన్నవాళ్ళకి ఉల్లి లేకుండానే చేస్తారు."

హాలంతా తృప్తిగా నవ్వింది.

మొదటి యాత్రకు ముందు ఉదయ్ కిరణ్ అతని పేరులో ముందు సగం కోసేశాడు. "శాలేమురాజు అంటే ఎవరికి నోరు తిరుగుద్ది? రాజుగారంటే అందరికీ హాయి" అన్నాడు. ఎవరికి హాయో, ఎందుకు హాయో శాలేమురాజుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్ళ నాన్న లూథరన్ గుడిలో క్రిస్మస్ విందులకు నలభై ఏళ్ళు వండాడు. ఆ చేతి రుచే ఇతనికి వచ్చింది. కరపత్రంలో మాత్రం "రాజుగారి చేతి శుద్ధ శాకాహారం" అని పడింది. పని దొరికిందన్న సంతోషంలో అప్పుడు నోరు మూసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. అరవై దాటిన ఆవిడ, నేత చీర, చేతిలో చిన్న నోటు పుస్తకం.

"అన్నయ్యగారూ, లోపలికి రావచ్చా? నా పేరు సరోజ. బాపట్లలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ అబ్బాయి తెర మీద గబగబా తిప్పేస్తున్నాడు. మీరు చాలాసార్లు వెళ్ళారట కదా, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఏం చూడొచ్చో మీరైతే సరిగ్గా చెబుతారని వచ్చా."

శాలేమురాజు స్టూలు తుడిచి వేశాడు.

"కోటగోడ ఎక్కేటప్పుడు జాగర్తమ్మా. అది చూసొచ్చిన రోజు అందరూ కాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. చారు తప్ప ఏదీ లోపలికి పోదు. మట్టి సైన్యానికి వెళ్ళిన రోజు రెండింటికి వస్తామని చెప్పి నాలుగింటికి గానీ రారు. ఆకలి దంచేస్తుంటది. ఒక్కళ్ళూ మాట్లాడరు, పెరుగన్నం దాకా ఒకటే తినడం. పెద్ద బాతు గోపురానికి వెళ్ళొచ్చిన వాళ్ళు మటుకు నిదానంగా తింటారండి. ఎందుకో మరి, ఆ రోజు ఎవరూ కసురుకోరు."

"ఆ గోపురం హుయాన్ త్సాంగ్ కోసం కట్టారు అన్నయ్యా. మన అమరావతి దాకా వచ్చి వెళ్ళాడే, ఆయన ఇక్కడి నుంచి మోసుకెళ్ళిన పుస్తకాలు అందులో దాచారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. ఒక్కసారి కళ్ళతో చూద్దామనే ఈ వయసులో బయల్దేరా." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "లోపల ఎలా ఉంటుంది? పైదాకా మెట్లున్నాయా?"

శాలేమురాజు తరిగిన ఉల్లిపాయలు ఓ పక్కకు నెట్టాడు.

"నేను చూళ్ళేదమ్మా."

"గోపురమా?"

"ఏదీ చూళ్ళేదండి. హోటలు వాళ్ళు అడుగు అంతస్తులో ఓ మూల పొయ్యి ఇస్తారు. పైన చిన్న కిటికీ ఉంటది. దాంట్లోంచి రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళు కనపడతయ్యి. మీవాళ్ళు పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తారు, మధ్యాహ్నం పోయి రాత్రికి వస్తారు. ఆ మధ్యలో నేను వండాలి, కడగాలి."

"ఆరుసార్లలో ఒక్కసారి కూడా?"

"నాలుగోసారి ఉదయ్ కిరణ్ బాబుని అడిగానమ్మా. ఒక్క పూట మట్టి సైన్యం చూసొస్తానన్నా. 'మీ రేపల్లెలో మట్టి లేదా ఏంటి?' అన్నాడు."

సరోజ నోటు పుస్తకం మూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది. శాలేమురాజు తల వంచుకున్నాడు. ఇంటి దగ్గర భార్య సుగుణమ్మకు అతను వేరే కథ చెప్పాడు. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు "ఏం చూశావయ్యా?" అని ఆమె ఆశగా అడిగితే, కాదనలేక, వడ్డిస్తూ విన్న కబుర్లన్నీ పేర్చి, గుర్రాల జూలు దగ్గర్నుంచి సైనికుల చెప్పుల దాకా వర్ణించాడు. ఆమె ఆదివారం గుడి దగ్గర పదిమందికి చెప్పుకుంది. ఆ తర్వాత ప్రతిసారీ కొత్త వింత ఒకటి కల్పించాల్సి వచ్చింది. కట్టుకున్నదానికి కూడా అతని చేత అబద్ధం చెప్పించిన పని అది.

ఒంటిగంటకు విస్తళ్ళు వేశారు. శాలేమురాజు పప్పు బకెట్టుతో బంతి మొదట్నుంచి వడ్డించుకుంటూ వచ్చాడు. సరోజ విస్తరి ముందుకు వచ్చేసరికి ఆవిడ ఉదయ్ కిరణ్‌ను కేకేసి పిలిచింది.

"బాబూ, ఈసారి మట్టి సైన్యం చూడ్డానికి ఈయనకి కూడా టికెట్టు తియ్యండి. ఆ ఒక్కరోజు పొద్దున్నే కలిపిన పులిహోర మాతో పట్టుకెళ్తాం. మాకేం కాదు."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలూపారు. ఉదయ్ కిరణ్ చేతులు జోడించి అందరికీ వినపడేలా నవ్వాడు.

"రాజుగారికి అలాంటివి పట్టవు మేడమ్. నేనెన్నిసార్లు రమ్మన్నానో! ఆయనకి వంటే లోకం. ఏం రాజుగారూ?"

శాలేమురాజు చేతిలో గరిటె ఆగింది. వెళ్ళనివ్వకపోవడం ఒక ఎత్తు. ఇప్పుడా ఆశ తనకసలు లేనేలేదంటున్నాడు. పైగా దానికి తన చేతే ఊఁ అనిపించుకోవాలనుకుంటున్నాడు. గరిటె బకెట్టులో వదిలి, బకెట్టు కింద దించాడు.

"పడతయ్యండి," అన్నాడు. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "నాకు చూడాలనే ఉందండి. మీరు రమ్మన్లేదు. అడిగితే పోనివ్వలేదు. ఇంకోటండి, నా పేరు రాజుగారు కాదు. శాలేమురాజు."

బంతి చివర పెద్దాయన తలెత్తాడు. "శాలేమురాజు అంటే... క్రిస్టియన్లా?"

"అవునండి. రేపల్లె లూథరన్ సంఘం."

పెద్దాయన నెయ్యి వేసి కలిపిన ముద్ద అలాగే ఉంచి, విస్తరి మడిచి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు లేచారు. కొంతమంది మెతుకులు కెలుకుతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సరోజ చెయ్యి కూడా విస్తరికీ నోటికీ మధ్య ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆవిడ తినసాగింది. ఆగడమూ చూశాడు శాలేమురాజు, తినడమూ చూశాడు.

ఉదయ్ కిరణ్ అతన్ని రెక్క పట్టుకుని వంటశాలలోకి లాక్కుపోయాడు.

"ఏంటి రాజూ ఇది? అన్నం పెట్టినోడి నోట్లో మట్టి కొడతావా?"

"అన్నం పెట్టింది నేను బాబూ," అన్నాడు శాలేమురాజు. "ఆరుసార్లూ నేనే పెట్టా. నువ్వూ తిన్నావు."

"సర్లే, ఇప్పుడు పోయి తమాషాకన్నానని చెప్పు."

"నా పాస్‌పోర్టు ఇచ్చెయ్యి."

"వీసాకి పంపాలది. నా దగ్గరే ఉంటది."

"అది నాది. నా పూర్తి పేరు దాంట్లో ఉంది. ఇస్తావా, హాల్లోకొచ్చి అడగమంటావా?"

ఉదయ్ కిరణ్ హాలు వైపు చూశాడు. అప్పటికే అక్కడ గొంతులు పెరుగుతున్నాయి. సంచీలో వెతికి, పాస్‌పోర్టు తీసి గట్టు మీదికి విసిరాడు. శాలేమురాజు దాన్ని తువ్వాలుతో తుడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. పొయ్యిలన్నీ ఆర్పాడు. అన్నం గుండిగ మీద మూత సరిగ్గా పెట్టాడు. వెనక గుమ్మంలోంచి ఎండలోకి దిగి, స్టేషను వైపు నడిచాడు. రేపల్లె బండికి ఇంకా టైముంది. ఇంటికి వెళ్ళగానే సుగుణమ్మను కూర్చోబెట్టి, ఆ గుర్రాల జూలూ సైనికుల చెప్పులూ తను చూడలేదని చెప్పాలి. ఎవరు చూడనివ్వలేదో కూడా చెప్పాలి.

హాల్లో మజ్జిగ కోసం ఎవరో పిలిచారు. వడ్డించే మనిషి కోసం అటూ ఇటూ చూశారు. మడిచిన విస్తళ్ళకూ తింటున్న విస్తళ్ళకూ మధ్య, అతను దించిన చోటే పప్పు బకెట్టు ఉంది. అందులో గరిటె అలాగే నిలబడి ఉంది, ఇంకా సన్నగా ఆవిరి వస్తోంది.