మాట వినని గ్రౌండు

పొద్దున్నే మొహం కడుక్కోగానే అత్త చేసే మొదటి పని, గ్రౌండు ఉందో లేదో చూసుకోవడం. చాలా రోజులు ఉండేది. కొన్ని రోజులు ఉండేది కాదు. బిస్కెట్ ఫ్యాక్టరీ వెనక గేటు తీసేసరికి ఉత్త బోసి మట్టి కనబడేది. అప్పుడు చీపురు అక్కడే పడేసి, కొంగు బిగించి కాలవ గట్టుకి నడిచేది. అక్కడ గోల్‌పోస్టులతో సహా ఎండకి బద్ధకంగా పడుకుని ఉండేది గ్రౌండు.

"సిగ్గుండాలే నీకు! సాయంత్రం ప్రాక్టీసు ఉందని తెలీదూ? లే!"

అది లేచి, అంచులు ఈడ్చుకుంటూ వచ్చేది. వీధిలోవాళ్ళు స్కూటర్లు పక్కకి జరిపి దారిచ్చేవాళ్ళు. "మళ్ళీ పారిపోయిందా అత్తా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. ఊరంతటికీ ఆవిడ అత్తే. గడ్డి కోసేదీ, సున్నం గీతలు గీసేదీ, ఫ్యాక్టరీ టీము జెర్సీలు ఉతికేదీ ఆవిడే.

ఆ ఏడాది ఆ టీము, దేశంలోని జట్లన్నీ పోటీపడే కప్పులో ఆడింది. ఒక్కసారి ఓడితే మూట సర్దుకోవడమే. అలాంటిది, పొయ్యిల దగ్గర మాడేవాళ్ళూ, ప్యాకింగువాళ్ళూ, ఓ లారీ డ్రైవరూ కలిసి పేరున్న జట్లని మట్టి కరిపించి క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చేశారు. కెప్టెన్ అత్తకి సొంత మేనల్లుడు. చీటీ తీస్తే రాజధాని క్లబ్బుతో మ్యాచ్ పడింది, అదీ వీళ్ళ గ్రౌండులోనే! అత్త కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఆ సంతోషం ఎంతసేపు? ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ కారు దిగాడు. బూట్లకి మట్టి అంటుతుందేమోనని గీత బయటే నిలబడి, మెడ సాచి చూశాడు.

"ఇక్కడ మ్యాచేమిటండీ? ఎత్తుపల్లాలు, తడి. పనికిరాదు. రాజధానిలో పెట్టుకుందాం."

పక్కనే ఉన్న ఫ్యాక్టరీ యజమాని, ఎక్కడ ఆలస్యమైపోతుందో అన్నట్టు తలూపేశాడు. ఆ స్థలంలో గోడౌను కట్టాలని ఆయనకి ఎప్పటినుంచో ఉంది. ఊరు ఊరంతా సాయంత్రమైతే అక్కడే చేరుతుంటే చెయ్యి వెయ్యలేక పళ్ళు నూరుకుంటున్నాడు.

అత్తకి ఒళ్ళు మండిపోయింది. "చీటీలో మా ఊరు వచ్చిందా, లేదా?"

"వచ్చిందమ్మా, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! ఇన్ని మ్యాచులు ఆడితే రాని తడి, మీ పెద్ద క్లబ్బువాళ్ళు వస్తున్నారనేసరికి వచ్చిందా? వాళ్ళ కాళ్ళేమన్నా వెన్నపూసా?"

మేనల్లుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "వదిలెయ్ అత్తా. ఎక్కడైనా ఆడతాం."

"నువ్వు ఆడతావురా. ఇవాళ మ్యాచుకి పనికిరానిది, రేపు దేనికీ పనికిరాదంటారు. అప్పుడు దీన్నెవరు బతకనిస్తారు?"

అరిచి గీపెట్టినా ఎవడూ వినలేదు. పైగా యజమాని ఫ్యాక్టరీకి సెలవిచ్చి, ఊరందరికీ బస్సులు పెట్టాడు. మ్యాచ్ రోజు బయల్దేరేముందు అత్త గ్రౌండుకి వేలు చూపించి మరీ చెప్పింది. "ఇంటి దగ్గరే పడుండు. కాలవ గట్టూ లేదు, గట్టిగా ఊపిరి పీల్చడమూ లేదు. తెలిసిందా?" గేటుకి తాళం వేసి బస్సెక్కింది.

రాజధాని స్టేడియంలో అడుగుపెట్టేసరికి గ్రౌండు వచ్చేసి ఉంది. అక్కడి నున్నటి పచ్చిక మీద తన గతుకులతో, గోల్ ముందు తడితో దర్జాగా పరుచుకుంది. రిఫరీ బంతి రెండుసార్లు కొట్టి చూసి, బాగానే ఉందని విజిల్ అందుకున్నాడు. ఆయన బాగుందన్నాక సెక్రటరీ బూట్లు దులుపుకుంటూ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

అత్తకి తల కొట్టేసినట్టయింది. సగం ఆట అయ్యేదాకా గీత దగ్గర కూర్చుని తిడుతూనే ఉంది. "ఒక్కనాడు నా మాట విన్నావటే? ఇంత జనంలో నా పరువు తీశావు కదే!"

హాఫ్ టైములో, బస్సెక్కకుండా ఇంట్లోనే ఉండిపోయిన తోడికోడలు ఫోను. "అక్కా, మెషీన్లు వచ్చి గేటు విరగ్గొట్టాయి. తవ్వేస్తున్నారు! యజమాని చెప్పాడంట. అడ్డం పడదామంటే ఊళ్ళో మనిషి లేడు. గ్రౌండు ఎక్కడుందక్కా? అక్కడ ఉత్త మట్టే ఉంది."

అత్త ఫోను ఒళ్ళో పడేసుకుంది. బస్సులెందుకో, సెలవెందుకో అప్పుడు తెలిసింది. వంగి గడ్డిమీద చెయ్యి వేసి భోరుమంది. "నా మాట విననందుకు నీకు దణ్ణం పెడతానే తల్లీ. నేనే నిన్ను గేటేసి చంపబోయాను."

రెండో సగంలో, ఏ గతుకు బంతిని ఎటు ఎగరేస్తుందో పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసిన మేనల్లుడు గోల్ కొట్టాడు. రాజధాని గోల్‌కీపరు తడిలో చతికిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ ఒక్క గోలుతోనే గెలిచారు.

అత్త ఆ కేకల్లో ఆగలేదు. మెట్లెక్కి, మెత్తటి కుర్చీలో ఉన్న యజమాని ముందుకెళ్ళి నిలబడింది. అక్కడ గ్రౌండే లేదని అప్పటికే ఆయనకీ ఫోను వచ్చినట్టుంది, మొహం నల్లబడిపోయింది.

"ఆ గ్రౌండు నాది! తీసుకొచ్చి ఎక్కడిదక్కడ పెట్టు. లేకపోతే కేసు పెడతాను."

"పెట్టండి! ఊరినంతా బస్సెక్కించి, వెనక్కి తిరగ్గానే మెషీన్లు తోలారే, మీరు మనుషులేనా? స్థలం మీది. అక్కడే ఉంది, కడుపునిండా తవ్వుకోండి. గ్రౌండు మీదెప్పుడైంది? ఒక్కరోజు దానికి చెంబెడు నీళ్ళు పోశారా? పనికిరాదంటే అందరికంటే ముందు తలూపింది మీరు కాదూ?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. యజమాని కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు.

సెమీఫైనల్ చీటీలో మళ్ళీ వీళ్ళ ఊరే వచ్చింది. సెక్రటరీ ఫోను చేశాడు, ఈసారి గొంతు దించి. "అమ్మా, మీ పాత చోట గోడౌను లేస్తోందటగా. మరి మ్యాచ్ ఎక్కడ?"

అత్త జెర్సీలు పిండుతూ ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టింది.

"అది ఎక్కడ పడుకుంటే అక్కడ. మీరే వెతుక్కుంటూ రండి."