టీవీలో మా ఇంటి అరబిక్

మా ఆయన పేరు వాసుదేవరావు. అమెరికాలో, డాలస్ పక్కనున్న ప్లేనోలో రోడ్లూ వంతెనలూ డిజైన్ చేసి రిటైరయ్యారు. కాలేజీ నాటకంలో సైనికుడి వేషం వేశారట. ఆ ముచ్చట పెళ్లిచూపుల నాడే చెప్పారు, ఇంకా చెబుతూనే ఉన్నారు. నేను మత్తు డాక్టరుగా పనిచేశాను. నా పేషెంట్లందరూ నిద్రపోయేవాళ్లే కాబట్టి నా కోపం సంగతి ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో మాత్రం బాగా తెలుసు.

ఒకరోజు మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. డాలస్‌లో తీస్తున్న ఓ టీవీ సీరియల్‌కి అరవై దాటిన చామనఛాయ మగవాళ్లు కావాలట. ఈయన నాకు చెప్పకుండా ఫోటో పంపేశారు, వాళ్లు పిలిచేశారు. పొద్దున వెళ్లి సాయంత్రం వెలిగిపోతున్న ముఖంతో వచ్చారు.

"ఏం వేషం?" అన్నాను.

"కోపిష్టి ఇంటిపెద్ద. గడ్డం అంటించారు. బల్ల మీద పెద్ద మ్యాపు పరిచి, చుట్టూ కుర్రాళ్లని కూర్చోబెట్టారు. వాళ్లని నేను తిట్టాలి. రియల్ ఎస్టేట్ గొడవ అయ్యుంటుంది ప్రమోదా. ప్లాట్లు పంచుకుంటున్నట్టున్నారు."

"మరి డైలాగులు?"

"ఏమీ ఇవ్వలేదు. మీ భాషలో గట్టిగా తిట్టండి చాలు అన్నాడు డైరెక్టరు. ఫస్ట్ టేక్‌లోనే ఓకే!"

మ్యాపు కనబడగానే ప్లాట్లనుకోవడం మన తెలుగువాళ్లకే చెల్లింది. నేనూ అదే అనుకున్నాను, దాచడమెందుకు.

ఆ ఎపిసోడ్ వచ్చే సాయంత్రం ఇంట్లో పెద్ద హడావిడి. మిరపకాయ బజ్జీలు వేశాను. మా వీధి చివర ఉండే రేణు, శ్యామ్‌సుందర్ వచ్చారు. చిన్నవాళ్లు, మమ్మల్ని ఆంటీ, అంకుల్ అంటారు. పక్కింటి హుదాని మాత్రం నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

హుదాది జోర్డాన్. అమ్మాన్‌లో పుట్టి పెరిగి, ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఫెన్స్ మీదుగా ఆమె పుదీనా ఇటొస్తుంది, నా కరివేపాకు అటెళ్తుంది. పొద్దున్నే ఇద్దరం కలిసి నడుస్తాం. ఈ దేశంలో నేను ఏ విషయమైనా ముందు చెప్పుకునేది హుదాకే. ఆమె మాత్రం ఇంట్లో సీరియళ్లు పెట్టదు. "మావాళ్లని చూపించే తీరు చూడలేను" అని ఎప్పుడో అంది. "ఇది ప్లాట్ల కథ, నువ్వు రావాల్సిందే" అన్నాను నేను.

టీవీలో చీకటి గది. మ్యాపు మీద టార్చిలైటు. వెనక నుంచి గడ్డంతో మా ఆయన వచ్చారు. శ్యామ్‌సుందర్ ఈల వేశాడు. మా ఆయన బల్ల మీద ధన్‌మని గుద్ది గర్జించారు:

"తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ! ఆ ఫ్రిజ్ తలుపు ఎవరేస్తారు, మీ తాతగారొచ్చి వేస్తారా!"

అవి నా మాటలు! రోజూ పొద్దున్నే నేను తిట్టే తిట్లు, నా రాగంతో సహా. తెర కింద ఇంగ్లీషులో అక్షరాలు పడ్డాయి: తెల్లారేసరికి ఈ నగరం బూడిద కావాలి.

ఇల్లు దద్దరిల్లిపోయింది. రేణు సోఫాలోంచి జారి కింద కూర్చుంది. "అంకుల్, టెర్రరిస్టు ఎక్కడైనా అండీ అంటాడా!" అంటూ శ్యామ్‌సుందర్ కడుపు పట్టుకున్నాడు. మా ఆయన నోరు తెరుచుకుని, "మరి ప్లాట్లు?" అంటున్నారు. నాకు నవ్వుతో కళ్లు కనబడటం లేదు. కళ్లు తుడుచుకుని పక్కకి తిరిగాను.

హుదా నవ్వడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ అక్షరాలే చూస్తోంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

కాసేపటికి తలనొప్పిగా ఉందని లేచింది. నేను వెనకాలే వాకిట్లోకి పరిగెత్తాను.

"ఒట్టు హుదా, మాకు తెలియదు."

"తెలుసులే. ఒక్కటి చెప్పు, ఆయన నిజంగా ఏమన్నారు?"

తువ్వాలు సంగతి చెప్పాను. ఫ్రిజ్ సంగతీ, తాతగారి సంగతీ చెప్పాను. హుదా నన్ను కాసేపు చూసింది. మెట్ల మీద కూలబడి నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక కూడా నీళ్లు ఆగలేదు.

"ఎన్నేళ్ల నుంచో టీవీలో మా మగవాళ్లు ఇలా అరుస్తూనే ఉన్నారు ప్రమోదా. మీ నాన్న కూడా ఇంట్లో ఇలాగే అరుస్తాడా అని క్లాసులో పిల్లలు నన్ను అడిగేవాళ్లు. పాపం, మా నాన్న గొంతు పక్కగదిలోకే వినబడేది కాదు. టీవీలో ఆ అరుపులు చాలాసార్లు నాకే అర్థమయ్యేవి కావు. ఎవరి మాటలో ఇవి అనుకునేదాన్ని. ఇవాళ ఒకటి తెలిసింది. నీవి!"

నేనూ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"ఒక్కసారి, మావాడని చూపించేవాడి నోటివెంట నాకర్థమయ్యే మాట వినాలనుంది. ఏదైనా సరే. తువ్వాలైనా సరే."

మర్నాడు హుదా వాకింగ్‌కి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక మా స్నేహం అయిపోయిందేమోనని నాకు అన్నం సహించలేదు. అంతలో సీరియల్ వాళ్లు ఫోన్ చేశారు. గడ్డం మనిషి జనానికి తెగ నచ్చాడట, మళ్లీ రమ్మన్నారు. "వెళ్తే ఇంట్లోకి రానివ్వను" అన్నాను. హుదా కోరిక నా నోట వినే ఉన్నారు మా ఆయన. చెప్పులేసుకుని తిన్నగా హుదా ఇంటికెళ్లి తలుపు కొట్టారు.

"మేడమ్, నాకు అరబిక్ నేర్పండి. టీవీలో అదే చెప్తాను."

హుదా ఏరి కోరి తువ్వాలునే ఎంచుకుంది. "లేష్ ఇల్‌మన్షఫె అత్తఖ్త్?" అంటే మంచం మీద తువ్వాలెందుకుంది అని. పొద్దున్నే ముగ్గురం నడవడం మొదలుపెట్టాం. దారంతా ఈయన ఆ 'ఖ్' కోసం గొంతు గీరుకుంటుంటే ఎదురొచ్చేవాళ్లు జలుబనుకుని పక్కకి తప్పుకునేవాళ్లు.

షూటింగ్‌కి నేనూ హుదా కూడా వెళ్లాం. అక్కడ ఏసీ చలికి నేను శాలువా తల మీదుగా కప్పుకున్నాను. హుదా జీన్స్‌లో, కత్తిరించిన జుట్టుతో హాయిగా నిలబడింది. మా ఆయన బల్ల గుద్ది, ఆ వాక్యాన్ని ఒక్క పొల్లు పోకుండా అరిచారు. హుదా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కట్" అన్నాడు డైరెక్టరు. కైల్ అని, టోపీ తిప్పి పెట్టుకున్న కుర్రాడు. "సార్, ఇవాళ అరబిక్ బాగా తేలిపోయింది. పోయినసారి మాట్లాడారే, అసలైన అరబిక్, అది కావాలి."

హుదా ముందుకెళ్లింది. "నేను అమ్మాన్‌లో పుట్టాను. ఇదే అసలైనది."

"అయ్యుండొచ్చండీ" అన్నాడు ఎంతో దయగా. "కానీ చూసేవాళ్లకి అలా అనిపించదు." అని, నా శాలువా చూసి నా వైపు తిరిగాడు. "మేడమ్, మీ భాష ఎలా ఉంటుందో మీరైనా వీళ్లకి కాస్త చెప్పండి."

ఇక నావల్ల కాలేదు. "ఒరే అబ్బాయ్, నీకు బుద్ధుందా? ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే నీకు చెవులు పనిచెయ్యవా? మీ అమ్మ నీకు ఇదేనా నేర్పింది!" అని తెలుగులో దులిపేశాను.

కైల్ కళ్లు మెరిశాయి. "అదీ! అదీ అరబిక్ అంటే! ఎవరైనా రికార్డ్ చేశారా?"

మా ఆయన నెమ్మదిగా గడ్డం ఊడదీశారు. అద్దంలో ఎంత మురిసిపోయి చూసుకున్న గడ్డమో నాకు తెలుసు. దాన్ని మడిచి కైల్ చేతిలో పెట్టారు. "పద ప్రమోదా, ఇంటికెళ్దాం" అన్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ని తిడుతూనే ఉన్నాను గానీ, ఆ నిమిషం అందరి ముందూ వాటేసుకోవాలనిపించింది.

ముగ్గురం కారెక్కాం. ఈయన దిగులుగా డ్రైవ్ చేస్తున్నారు. హైవే మీద మా ఊరి ఎగ్జిట్ దగ్గరపడ్డాక హుదా వెనక సీట్లోంచి అడిగింది.

"అవునూ, ఆ రోజు అందరూ నవ్వారే, అండీ అంటే ఏంటి?"

"మర్యాద" అన్నాను. "పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు కలుపుతాం."

"అంటే నగరాన్ని మర్యాదగా తగలబెడుతున్నాడన్నమాట!"

మా ఆయన నవ్వాపుకోలేక కారు పక్కకి తీసి ఆపేశారు.

మర్నాడు పొద్దున పడగ్గదిలోకి వెళితే, మంచం మీద తడి తువ్వాలు! వేషం పోయింది గానీ అలవాటు పోలేదు. కిటికీ తెరిచే ఉంది. ఒళ్లు మండి, గొంతెత్తి అరిచాను.

"లేష్ ఇల్‌మన్షఫె అత్తఖ్త్!"

మా ఆయన ఉలిక్కిపడి పరిగెత్తుకొచ్చి తువ్వాలు తీసేశారు. ఫెన్స్ అవతల పుదీనా కోస్తున్న హుదా చేతులు రెండూ పైకెత్తి కేకేసింది.

"అర్థమైంది ప్రమోదా! ప్రతి మాటా నాకర్థమైంది!"