ఉత్తరపు గోడ అవతల

ఈస్టర్ మర్నాడు సోమవారం బ్రెన్‌హోల్ట్ ఊళ్ళో చర్చిని కొలిచేవారు. గంట కొట్టేదీ, గోతులు తవ్వేదీ ఆమోస్ టడెన్‌హామే కాబట్టి కొలతా అతని పనే. ముడులు వేసిన తాడు ఒకటి పట్టుకుని, ఏటి దగ్గరి హద్దురాయి నుంచి చర్చి గోడదాకా పరిచేవాడు. ఆడవాళ్ళు ఎండుద్రాక్షల బన్నులు పంచేవారు. మగవాళ్ళు బీరు తాగుతూ, ఈ ఏడు జానెడా, జానెడున్నరా అని వాదించుకునేవారు. కొలత చెప్పగానే ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయేవారు. మర్నాడు పొద్దున్నే పొలం పనులుండేవి.

ఆ చర్చి మొదట ఏటి ఒడ్డున ఉండేదట. పెద్ద తెగులు వచ్చిన ఏడు, శవాల గొయ్యి తవ్విన మిట్టకేసి ఒక్క వేసవిలో నలభై గజాలు నడిచింది. రాజుకీ జనానికీ యుద్ధం జరిగినప్పుడు సిపాయిలు వచ్చి రంగుటద్దాల కిటికీలు పగలగొడితే, అలిగి నాలుగేళ్ళు కదల్లేదు. రొట్టె ధర మండిపోయిన రోజుల్లో తూర్పున బీదల సత్రం వైపు తిరిగింది. ప్రహరీగోడ కూడా చర్చితోబాటే నడిచేది. వెనకబడ్డ సమాధులు గోడ బయటికి పోయేవి. వాటి మీద గొర్రెలు మేసేవి. వందేళ్ళ కిందటి చావులు కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

పద్దెనిమిది వందల డెబ్భై ఒకటో సంవత్సరం జనవరిలో, పాలేరు జేబెజ్ రిక్స్ భార్య కెజాయాకి మగబిడ్డ పుట్టాడు. అప్పుడామెకి ఇరవై మూడేళ్ళు. బయట నడుములోతు మంచు. బిడ్డ రంగు బాగాలేదని జేబెజ్ పాదిరి ఆర్మరాడ్ గారి కోసం పరిగెత్తాడు. ఆయన ముందురోజే పక్క ఊళ్ళో రోగిని చూడ్డానికి వెళ్ళి, దారి మూసుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు. తెల్లవారుజామున పుట్టిన బిడ్డ మధ్యాహ్నానికి పోయాడు. బాప్తిస్మం లేదు, పేరు లేదు. పాదిరి లేకపోతే ఎవరైనా కాసిని నీళ్ళు చల్లి పేరు పెట్టొచ్చని ఎవరో తర్వాత చెప్పారు. తర్వాత చెప్పేవాళ్ళకి ఎక్కడా కొదవ లేదు.

పాదిరి తిరిగొచ్చాక కెజాయా వెళ్ళి, బిడ్డని చర్చి నేలలో పూడ్చి ప్రార్థన చదవమని అడిగింది. ఆయనకి అప్పుడు ముప్పై అయిదేళ్ళు, చెడ్డవాడు కాదు. పుస్తకం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు.

"నా చేతుల్లో ఉంటే నీతో ఇంత మాట చెప్తానా అమ్మా? బాప్తిస్మం లేనివాళ్ళకి ఈ మాటలు చదవకూడదు."

"నాకు చదువు రాదు అయ్యగారూ. వాణ్ణి ఎక్కడ పెట్టాలో చెప్పండి."

ఉత్తరపు ప్రహరీగోడ అవతల, ముళ్ళకంచె కింద పెట్టారు. ఆమోస్ గడ్డకట్టిన నేల తవ్వాడు. గోడ నుంచి అక్కడికి జేబెజ్ అడుగులు లెక్కపెట్టాడు. పదకొండు గజాలు.

ఆ ఈస్టరుకి తాడు తప్పు చూపించిందనుకుని ఆమోస్ మూడుసార్లు కొలిచాడు. చర్చి తూర్పుకి పోవడం మానేసింది. ఉత్తరానికి జానెడు వచ్చింది.

బన్ను అందించే ఆవిడ కెజాయా చేతిలో రెండు పెట్టింది. ఇంటికొచ్చాక కెజాయా వేళ్ళమీద లెక్కవేసుకుంది. గజానికి నాలుగు జానలు. నలభై నాలుగేళ్ళు.

రెండేళ్ళ తర్వాత జేబెజ్ ప్రయాణం పెట్టాడు. డరమ్ బొగ్గుగనుల్లో అతని మేనమామ ఉన్నాడు. ఇక్కడ వారం కూలి అక్కడ రెండు రోజుల్లో వస్తుందన్నాడు.

"మూటలు కట్టు. శనివారం బయల్దేరుతున్నాం."

"నువ్వెళ్ళు."

"నలభై రెండేళ్ళు ఇక్కడే కూచుంటావా? అప్పటికి నీకు పళ్ళుంటాయా అసలు?"

"పళ్ళతో పనేముంది? చూడ్డానికి కళ్ళుంటే చాలు."

"నేను బతికే ఉన్నాగదే," అన్నాడు జేబెజ్. ఆ మాట గట్టిగా అనలేదు.

అతను శనివారం ఒక్కడే వెళ్ళాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఒక ఉత్తరం వచ్చేది. ఆమోస్ చదివిపెట్టేవాడు. మొదట్లో రెండు పేజీలు. రాను రాను ఒకటే వాక్యం: ఈ ఏడు ఎంతొచ్చింది? కెజాయా ఆమోస్ చేతనే జవాబు రాయించేది: జానెడు.

ఆమె చర్చి ఊడ్చే పనికి కుదిరింది. బల్లలు తుడిచేది, కొవ్వొత్తుల మైనం గీకేది, వేసవిలో ముళ్ళకంచె కింద గడ్డి కోసేది. బిడ్డ పోయాక పద్దెనిమిది ఈస్టర్లు గడిచాయి. పద్దెనిమిది జానలు.

చర్చి ఉత్తరానికి జరిగేకొద్దీ దక్షిణాన సమాధులు గోడ బయటపడుతున్నాయి. అక్కడున్నది భూస్వామి హార్బర్డ్ దొర తండ్రి పాలరాతి సమాధి. ఎనభై ఎనిమిదో సంవత్సరంలో గోడ ఆ సమాధి మధ్యగా వెళ్ళింది. ముసలిదొర తల లోపల, కాళ్ళు బీట్‌రూట్ తోటలో. హార్బర్డ్ కోపగించుకోలేదు. నార్విచ్ నుంచి మేస్త్రీలని పిలిపించి, చర్చి ఇంక కదలకుండా దాని ఉత్తరపు గోడకి మూడు పెద్ద ఇటుక ఆనుడుదిమ్మెలు కట్టించాడు. డబ్బు తనదే. పాదిరి వద్దనలేకపోయాడు. ఆయన ఇల్లు కూడా హార్బర్డ్‌దే.

మరుసటి ఈస్టరుకి కొలత మారలేదు. ఆ పై ఏడూ మారలేదు. కానీ చర్చి ఆగిపోలేదని కెజాయాకి తెలుస్తూనే ఉండేది. ఊడుస్తుంటే దిమ్మెల్లో ఇటుకలు మూలిగేవి. గంటగోపురం కింద కమాను మీద వెంట్రుకంత చీలిక పడింది. ఏడాది తిరిగేసరికి అందులో చెయ్యి పట్టేది.

"ఇది నెడుతోంది పిల్లా," అన్నాడు ఆమోస్. "మొండిది. నీలాగే."

"నెట్టనీ బాబాయ్."

ఆ మాట అన్నందుకు ఆమె చచ్చేదాకా ఏడ్చింది. తొంభై రెండు ఫిబ్రవరిలో, ఆదివారం ప్రార్థనకి ఆమోస్ గంట లాగుతుండగా కమాను రాయి ఒకటి జారి భుజమ్మీద పడింది. మూడు రోజులు బతికాడు. కెజాయా పక్కన కూచుంది. అతను ఆమెని ఒక్క మాట అనలేదు. నొప్పి తెలియకుండా బీరు అడిగాడు, తాగాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమోస్‌ని పూడ్చిన మర్నాడు ఆమె చీపురు లేకుండా చర్చిలోకి వెళ్ళి, వెనక బల్లమీద కూచుంది. కమాను సరిచేయించడం ఎలాగో చూసేందుకు పాదిరి లోపలికొస్తూ ఆమె గొంతు విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇక చాలు," అంటోంది, పక్కింటావిడతో అన్నట్టు. "నువ్వు రావద్దు. మనిషిని చంపుకుని నా బిడ్డ దగ్గరికి వస్తావా? వాడికి ఆ మొహం ఎలా చూపిస్తావు? ఎక్కడున్నావో అక్కడే ఉండు."

సాయంత్రం దాకా కూచుంది. ఇటుకల మూలుగు తగ్గి, చీకటి పడేలోగా పూర్తిగా ఆగిపోయింది. ఆ తర్వాత చర్చి అంగుళం కదల్లేదు. గోడకీ ముళ్ళకంచెకీ మధ్య ఆరున్నర గజాలు మిగిలిపోయాయి. ఆ ఏడు జేబెజ్ ఉత్తరాన్ని పాదిరి చదివాడు. ఏం రాయమంటావు అని అడిగాడు.

"ఆగిపోయిందని రాయండి."

"అతని దగ్గరికి వెళ్ళిపోవచ్చు కదమ్మా. ఇక్కడింకేముంది?"

"ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?"

జేబెజ్ నుంచి ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు.

ఇంకో ఇరవై ఒక్క ఏళ్ళు ఆమె చర్చి ఊడ్చింది. పందొమ్మిది వందల పదమూడు శరదృతువులో దగ్గుతో మంచం పట్టింది. డెబ్భై ఏడేళ్ళ ఆర్మరాడ్ కర్ర పట్టుకుని చూడ్డానికి వచ్చాడు.

"నన్ను గోడ అవతల పెట్టండి అయ్యగారూ. వాడి పక్కన. అదే గోతిలో."

"నీకు లోపల చోటుంది కెజాయా. అది దీవించని నేల."

"నేను బాప్తిస్మం పొందినదాన్నే కదా. నన్ను పెడితే ఆ గొయ్యి దీవించక తప్పదు. చదవకా తప్పదు."

పాదిరి కర్ర గోడకి చేర్చి మంచం పక్కన కూచున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి ఆలోచిస్తున్నావు ఇది?"

"ఊడుస్తున్నప్పుడల్లా."

నవంబరులో పోయింది. పాదిరి డరమ్‌కి తంతి పంపాడు. అంత్యక్రియల రోజు సన్నగా వాన పడుతోంది. పక్క పొలంలోంచి బురద తొక్కుకుంటూ ఒక ముసలివాడు కంచె దగ్గరికి వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు. బొగ్గు ఆ మొహం గీతల్లోకి దిగి నీలంగా ఉండిపోయింది. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఒక్క నిమిషం పట్టింది, జేబెజ్‌ని పోల్చడానికి.

పాదిరి గొయ్యి దీవించాడు. మట్టిని మట్టికి అప్పగించే మాటలు చదివాడు. పాదిరి పుస్తకం మూశాక, జేబెజ్ ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఆ మాటలు ఎంతమందికండీ?"

ఆర్మరాడ్ చేతిలోని పుస్తకం వైపు చూశాడు. నలభై రెండేళ్ళ కిందట అదే పుస్తకంలో తాను వేలు పెట్టి చూపించిన వాక్యం ఇంకా అక్కడే ఉంది.

"ఆ గోతిలో ఎంతమంది ఉంటే అంతమందికి," అన్నాడు.

జేబెజ్ తలూపాడు. "గనిలో మందుగుండుకి చెవులు పోయాయి అయ్యగారూ. సగమే వినపడింది. మళ్ళీ చదువుతారా?"

పాదిరి మళ్ళీ పుస్తకం తెరిచాడు. ఈసారి జేబెజ్ చెవి దగ్గర నిలబడి, గొంతు చించుకుని, ఒక్కొక్క మాటే మొదటి నుంచి చదివాడు. మధ్యలో కాళ్ళ కింద నేల కాస్త ఊగింది. ఎవరూ తలెత్తలేదు. శవపేటిక మోసినవాళ్ళు కాళ్ళు ఎడం చేసుకుని నిలదొక్కుకున్నారు.

చదవడం అయ్యేసరికి చర్చి, కెజాయా చెప్పిన మాట ప్రకారం, ఎక్కడిదక్కడే ఉంది. ప్రహరీగోడ మాత్రం వాళ్ళందరినీ దాటి, ముళ్ళకంచెకి అవతల ఉంది.

జేబెజ్ టోపీ పెట్టుకుని స్టేషనుకి బయల్దేరాడు. వచ్చిన దారిన వెళ్ళబోతే గోడ అడ్డొచ్చింది. చుట్టూ తిరిగి, సమాధుల మధ్యగా నడిచి, చర్చి గేటు తెరుచుకుని వెళ్ళాడు.