మూడో ఈల

మా నాయనకు ఆటలంటే పడదు. క్రికెట్ చూసేవాళ్లను పనీపాటా లేనివాళ్లంటాడు. అలాంటి మనిషి రెండేళ్లుగా, పొద్దున టీ తాగగానే ఫోన్ పట్టుకుని గొర్రెలు మేపుతున్నాడు.

అది ఇంటర్నెట్ ఆట. దాని అసలు పేరుకు ఆయన నోరు తిరగదు కాబట్టి మా ఇంట్లో దాన్ని ‘మంద’ అంటాం. ఎక్కడెక్కడి వాళ్లో ఒకే కొండ మీదికి తమ మందలు తోలుకొస్తారు. గడ్డి వెతకాలి, నీళ్లకు తోలాలి, తోడేళ్లను కాచుకోవాలి. నాయన కాలు విరిగి, ఉన్న గొర్రెలన్నీ అమ్మేశాక, కాలక్షేపానికి నేనే ఆయన ఫోన్‌లో వేసిచ్చాను. ఆ కొండ మీద దేవరాజు మామ కూడా ఉన్నాడని తర్వాత తెలిసింది.

నాయన యల్లప్ప, దేవరాజు మామ ముప్పై ఏళ్లు తంబళ్లపల్లె మల్లయ్యకొండ చుట్టూ ఒకే మందగా గొర్రెలు మేపారు. మంద పంచుకునే రోజు ఒక పొట్టేలు దగ్గర తగువొచ్చింది. ఏది ఎవరిదో చెవికి పెట్టిన కోత చూసి చెప్తారు మావాళ్లు. ఆ పొట్టేలు చెవి కంపలో చిక్కి చిరిగిపోయింది. నాదంటే నాదన్నారు. పొట్టేలు ఆ ఏడే రోగమొచ్చి చచ్చింది, పంతం మాత్రం చావలేదు. మామ కుప్పంలో కూతురింటికి వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లు ఒకరికొకరు ఫోన్ కూడా చేసుకోలేదు.

ఆటలో ఒక మంద మీద ‘దేవరాజు, కుప్పం’ అని ఒకరోజు కనబడింది. మర్నాడు నాయన తన మందను దాని పక్క గట్టుకు తోలాడు. అప్పటినుంచి రోజూ ఇద్దరూ పక్కపక్కనే మేపుకుంటున్నారు. ఆటలో ఈల వేయడానికి ఒక బొమ్మ ఉంది, నొక్కితే పక్కవాళ్లకు వినబడుతుంది. దాన్ని ఇద్దరిలో ఒక్కరూ ముట్టుకోలేదు. పంతానికి పోటీ పెడితే మొదటి బహుమతి ఎవరికివ్వాలో తేలదు.

మొన్న వేసవిలో ఫోన్‌లో ఒక నోటీసు వచ్చింది. చదివి పెట్టమన్నాడు.

“నెలాఖరుకు ఆట మూసేస్తారంట నాయనా.”

“అంటే గొర్రెలు?”

“పోతాయి.”

“పక్క గట్టు మంద గూడానా?” అన్నాడు.

ఆ మాట ఇంకెవరన్నా అడిగి ఉంటే జవాబు చెప్పి ఊరుకునేదాన్ని.

నేను మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్తాను. నాకు తెలిసింది ఇది: కొండ బొమ్మ, గొర్రెల బొమ్మ ఫోన్‌లోనే ఉంటాయి. ఎవరి మంద ఎక్కడుంది, ఎంతుంది అన్న నిజం కంపెనీవాళ్ల సర్వర్‌లో ఉంటుంది. ఫోన్, సర్వర్ క్షణక్షణం అంకెలతో మాట్లాడుకుంటాయి. ఆ భాష నేర్చుకుంటే, రేపు కంపెనీ సర్వర్ ఆగిపోయినా దాని స్థానంలో నా సర్వర్ జవాబులు చెప్పగలదు. నేర్పేవాళ్లు ఎవరూ లేరు. చాటుగా విని నేర్చుకోవాల్సిందే.

ఫోన్‌కు నా లాప్‌టాప్ ద్వారా ఇంటర్నెట్ ఇచ్చి, పోయేదీ వచ్చేదీ అంతా రాసిపెట్టించాను. మొదటిరోజు చూస్తే తల తిరిగింది, అన్నీ అర్థంలేని అంకెలే. అప్పుడు నాయనను పనిలో పెట్టుకున్నాను.

“ఒక్క గొర్రెను ఒక్క అడుగు తోలు. ఆపు.”

“యాడికి?”

“యాడికైనా. ఇప్పుడు ఇంకొక్కడుగు.”

“ఇట్ల మేపితే సాయంత్రానికి గొర్రె ఆకలితో సస్తాది,” అంది అమ్మ వంటింట్లోంచి.

ఒక అడుగుకు ఏ అంకె మారిందో రాసుకున్నాను. ఒక గొర్రెపిల్లను కొనిపించి, ఏ అంకె ఒకటి పెరిగిందో వెతికాను. పెరగలేదు, గజిబిజిగా మారింది. మూడు రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది, ప్రతి అంకెనూ ఒకే రహస్య అంకెతో మెలిపెట్టి పంపుతున్నారని. ఆ మెలి విప్పగానే ఎదురుగా రెండు వందల పన్నెండు కనబడింది. నాయన మంద లెక్క. ఆ పూట అన్నం తినడం కూడా మరిచిపోయాను.

రెండు వారాలకు నా సర్వర్ సిద్ధమైంది. నాయన ఫోన్‌ను దానివైపు తిప్పాను. కొండ వచ్చింది, గొర్రెలు వచ్చాయి. సరిగ్గా ముప్పై సెకన్లకు ‘సంబంధం తెగిపోయింది’ అని ఆట మూసుకుంది. మళ్లీ తెరిచాను. మళ్లీ ముప్పై సెకన్లే. ఐదు రోజులు అదే వరస. నెలాఖరు మూడు రోజుల్లోకి వచ్చేసింది. అమ్మ మీద అరిచాను, లాప్‌టాప్ మీద అరిచాను, సెంటర్‌లో పిల్లల మీద కూడా అరిచాను.

ఆ ఆదివారం నాయన వసారాలో చెనక్కాయలు ఒలుస్తున్నాడు. “యాల మే అంత కోపం?” అన్నాడు.

అర్థం కాదులే అనుకుంటూనే చెప్పాను. “పది సెకన్లకోసారి నీ ఫోన్ ఒక చిన్న కేక పంపిస్తాది నాయనా. అందులో గొర్రె లేదు, గడ్డి లేదు, ఏమీ లేదు. ఉండావా అని అడగడమే. నేను దాన్ని వచ్చింది వచ్చినట్టే తిప్పి పంపిస్తాండా. అయినా మూడు కేకలకు తెంచేస్తాది.”

నాయన ఒలవడం ఆపాడు.

“వచ్చింది వచ్చినట్టే తిప్పిస్తే ఎట్ల? కొండ గూడా అట్లనే తిప్పిస్తుంది గదా.”

“అంటే?”

“మేం ఆ గట్టున ఒకరు ఈ గట్టున ఒకరు ఉంటాము. మనిషి కనపడడు. ఉండాడా లేదా అని రెండు ఈలలు ఏస్తా. రెండే తిరిగొస్తే అది కొండ, నా ఈల నాకే వచ్చినట్ల. మనిషైతే ఒకటి ఎక్కువ ఏస్తాడు. మూడు ఇనపడితేనే నేను కిందికి దిగేది. ఇది మేము పెట్టుకున్న కట్టు.”

ఆ ఒప్పందం ఎవరితోనో ఆయన చెప్పకుండానే నాకు తెలిసింది.

లోపలికి పరిగెత్తి, కంపెనీ సర్వర్ మాటలు రాసిపెట్టిన ఫైలు తీశాను. ఆ చిన్న కేకలు నాకు ఎందుకూ పనికిరావని ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఇప్పుడు విప్పాను. ఫోన్ నలభై అంటే సర్వర్ నలభై ఒకటి అంది. డెబ్బై ఆరంటే డెబ్బై ఏడంది. మొదటిరోజు నుంచీ నా ముందే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికానన్న మాట. సిగ్గేసింది. పాఠాలు చెప్పేదాన్ని నేను, పాఠం చెప్పింది చెనక్కాయలు ఒలిచే మనిషి.

ఒకటి కలిపి పంపాను. ముప్పై సెకన్లు దాటింది, గంట దాటింది. గొర్రెలు మేస్తూనే ఉన్నాయి.

ఇక మిగిలింది మామ ఫోన్. నా సర్వర్‌కు తిప్పాలంటే అది చేతికి రావాలి. మర్నాడు సెలవు పెట్టి పుంగనూరు బస్సెక్కి, అక్కడినుంచి వెంకటగిరికోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. మామ నన్ను గుర్తుపట్టి, లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చాడు. వచ్చిన పని చెప్పాను.

“ఆయప్ప పంపినాడా?”

“లేదు మామా. నేనొచ్చింది ఆయనకు తెలీదు.”

మామ జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. నేను పని చేస్తుంటే పక్కకు చూస్తూ, “కాలెట్లుండాది?” అన్నాడు.

“నడస్తాండాడు మామా.”

మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాడు.

ఒకటో తేదీ పొద్దున టీ తాగి నాయన ఆట తెరిచాడు. కంపెనీ సర్వర్ ముందురోజే మూతపడింది. కొండంతా ఖాళీ, నాయన మంద ఒక్కటే ఉంది. పక్క గట్టున గడ్డి తప్ప ఏమీ లేదు. కుప్పం వెళ్లిన సంగతి అప్పుడు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, అంతే.

పావుగంటకు గట్టు వెనకనుంచి ఒక గొర్రె తల వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మామ మంద నూట ఎనభై ఎనిమిదీ దిగాయి.

నాయన బొటనవేలు ఈల బొమ్మ మీదికి వెళ్లి ఆగింది. వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. రెండుసార్లు నొక్కాడు.

జవాబు లేదు. నేను లాప్‌టాప్‌లో చూశాను. రెండు ఈలలూ కుప్పం చేరాయి. “అందినాయి నాయనా,” అన్నాను. తలూపాడు.

అప్పుడు ఫోన్‌లో ఈల మోగింది. ఒకటి. రెండు. ఆగిపోయింది.

మళ్లీ అదే తప్పు చేశానా, ఆయన ఈలనే ఆయనకు తిప్పి పంపుతోందా నా సర్వర్? లాప్‌టాప్ వైపు చేయి చాపాను. నాయన నా చేయి పట్టుకుని ఆపాడు.

మూడో ఈల వినబడింది.

“కొండ గాదులే,” అన్నాడు నాయన.