కొయ్యబారిన పిల్ల

ఆదివారం పొద్దున్నే ప్లంబరు బంతుల్లోకి గాలి కొడుతుంటే, భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని కూతురి కాళ్ళకి నూనె రాస్తోంది. వారమంతా పైపులు బిగించే ఆ మనిషి సెలవు రోజున పేట పిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్.

"మోకాళ్ళు దాటిందండీ," అంది భార్య. "ఇవాళైనా దీన్ని ఆటలోకి దించండి."

"చూద్దాంలే."

ఆడకుండా బెంచీ మీదే ఉండిపోయే పిల్లలు పాదాల నుంచి పైకి కొయ్యబారుతుంటారు. పేటలో అదేం వింత కాదు. జలుబుకి ఆవిరి పట్టినట్టు తల్లులు నూనె రాసేవారు. "మీవాడికి ఎందాకా వచ్చింది?" "ఇంకా మడమలేలే వదినా," అని గోడల మీంచి పలకరించుకునేవారు. కాసేపు ఆడితే మళ్ళీ మెత్తబడేది.

ఎవరి పిల్లాడికి గట్టిపడితే వాళ్ళ నాన్న వచ్చి కోచ్ మీద విరుచుకుపడేవాడు. దర్జీ అయితే చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. ఆ తర్వాతి ఆటలో దర్జీ కొడుకు దిగాడు. అలా అందరూ ఎప్పుడో ఒకప్పుడు దిగారు, కోచ్ కూతురు తప్ప. గెలుస్తుంటే కూతుర్ని దించితే జనం ఆడిపోసుకుంటారని ఆయన భయం. ఓడుతుంటే దించే ధైర్యం లేదు. పిల్ల కాస్త నెమ్మది. పైగా దాని తరఫున పోట్లాడాల్సిన నాన్న తనే అయిపోయాడు.

ఆ రోజు కప్పు ఆట. జట్టుకి ఏడుగురు. రెండు జట్ల గోల్సూ సమానంగా ఉన్నాయి. చివర్లో ఒక కుర్రాడి చీలమండ మెలిపడింది. బెంచీ మీద మిగిలింది కూతురొక్కతే. కోచ్ తన వైపు చూడగానే అది వంగి, అప్పటికే బిరుసెక్కుతున్న వేళ్ళతో బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇంకో అమ్మాయి ఉందిగా, దించరా?" అడిగాడు రెఫరీ.

కోచ్ బల్ల మీద పెట్టిన బహుమతి కప్పు వైపు చూశాడు.

"అక్కర్లేదు. ఆరుగురితోనే ఆడతాం."

లేసు సగంలో ఆగిపోయింది. అవతల జనంలో ఉన్న భార్య లేచి నిలబడింది.

దర్జీ కొడుకు గోల్ కొట్టాడు. గెలిచారు. పిల్లలు కోచ్‌ని భుజాలకెత్తుకోబోయి కుప్పగా కూలి పకపకా నవ్వారు. ఆ కేకల మధ్య పక్క నుంచి టక్, టక్ మని చప్పుడైంది. కూతురు చప్పట్లు కొడుతోంది. ఆయన దగ్గరికి వెళ్ళేసరికి మెడ దాకా కొయ్య. లేపబోతే బెంచీ కూడా కదిలింది. రెండూ ఒకటే చెక్క అయిపోయాయి.

భార్య ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. కూతురి పక్కనే, మైదానంలోనే గొడుగు వేసుకుని కూర్చుంది.

ఆ పై ఆదివారం కోచ్ పానా పట్టుకొచ్చాడు. నేలకి బిగించిన బోల్టులు విప్పి, నలుగురు తండ్రుల సాయంతో బెంచీని పిల్లతో సహా మైదానం నడిమధ్యకి మోయించాడు. వచ్చిన పిల్లలందర్నీ ఒకేసారి ఆటలోకి దించేశాడు. ఎవరు ఏ జట్టో ఎవరికీ తెలీలేదు. బంతి వచ్చి కూతురి కాలికి తగిలి, ఠప్పుమని పక్కకి పోయింది. పిల్ల కళ్ళు దాని వెంటే పరిగెత్తాయి.

కోచ్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆడుతున్నావమ్మా, చూశావా?"

"నాన్నా, ఆ రోజు నన్ను దించుంటే ఓడిపోయేవాళ్ళమా?"

అబద్ధం చెప్పాలనుకున్నాడు. నోరు రాలేదు.

"ఓడిపోయేవాళ్ళమేమో తల్లీ."

పిల్ల కళ్ళు బంతి మీంచి నాన్న వైపు తిరిగాయి.

"ఓడిపోతే ఏమయ్యేది?"

దర్జీ కొడుకు అవతల నుంచి "అక్కా, నీకే!" అని అరిచి బంతిని మళ్ళీ ఇటు తన్నాడు.