నాన్నను తిట్టిన పూట

ఇకుమా తన కొడుకును ఒక్కనాడూ తిట్టి ఎరగదు. తిట్టడం చేతకాక కాదు. మంచు సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరంతా ఆమె నోటికి జడిసేది. కుక్కల్ని తిట్టేది, కొట్టు నడిపే తెల్లవాణ్ణి తిట్టేది, ఎప్పుడో చచ్చిపోయిన మొగుణ్ణి కూడా వదిలేది కాదు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోరు పడిపోయేది. ఎందుకంటే అతను ఆమెకు కొడుకే కాదు, తండ్రి కూడా.

ఇకుమా తండ్రి ముసలి అలారియాక్ చనిపోయిన శీతాకాలంలోనే పిల్లవాడు పుట్టాడు. ఆ పేరే పెట్టారు. పేరుతోపాటు మనిషీ తిరిగి వస్తాడన్నది ఆ ఊళ్ళో ఎవరూ వాదనకు దిగే సంగతి కాదు. అందుకే ఇకుమా కొడుకును "నాన్నా" అని పిలిచేది. ముద్దుకు కాదు, నిజంగానే. అతను కూడా మాటలు వచ్చిన నాటినుంచి ఆమెను "చిట్టితల్లీ" అనే పిలిచాడు.

మరి కన్నతండ్రిని ఎవరు గద్దిస్తారు? పసివాడు దీపంలో చెయ్యి పెట్టబోతే దీపాన్నే పక్కకు జరిపేవారు. వేట నేర్పిన మేనమామలు కూడా చేసి చూపించేవారే తప్ప తప్పు పట్టేవారు కాదు. ఇక ఇరుకు గురించైతే ఎవరికీ నోరు పెగల్లేదు.

ఇరుకంటే రెండు కొండల మధ్య సముద్రం సన్నబడే చోటు. దాన్ని దాటితే అవతలి వేట ఒడ్డు పూటలో చేరొచ్చు. చుట్టూ తిరిగితే మర్నాడు. చంద్రుడు సగం ఉన్న రోజుల్లో పోటూ పాటూ నెమ్మదిగా ఉంటాయి, మంచు కదలకుండా పడి ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ మాత్రం సముద్రమంతా ఆ సందులోంచే దూరిపోవాలని చూస్తుంది. ఆ ఉరవడికి మంచు కిందినుంచి అరిగిపోతుంది. పైన మాత్రం అదే తెలుపు, అదే మెరుపు. పాత అలారియాక్ బతికున్నన్నాళ్ళూ ఊరంతా ఆయన్ని అడిగాకే ఇరుకు దాటేది. అలాంటిది ఆయనకే ఇరుకు గురించి పాఠం చెప్పే మొనగాడెవడు?

పగళ్ళు బాగా సాగిన రోజులవి. కొడుకు పెద్దవాడై పెళ్ళి చేసుకున్నాడు, కోడలు తాపీసాకు నెలలు నిండాయి. ఆమెకు వేవిళ్ళనాడు పుట్టిన కోరిక ఇంకా తీరలేదు. పోయిన ఏడు అవతలి ఒడ్డున రాళ్ళ కింద పాతిపెట్టి పులియబెట్టిన, పొడుగు కోరల సముద్రజంతువు వాల్రస్ మాంసం కావాలి ఆమెకు. ఈ మధ్యే ఒకసారి మొగుడు కొంచెం తెచ్చాడు. అది ఉన్న కోరికను ఇంకా పెంచింది.

ఆ ఉదయం అలారియాక్ ఇంటి ముందు ఒడ్డునే, మంచు మీద నడిచే మోటారు బండికి వెనక చెక్కబండి కట్టుకుంటున్నాడు. ఒడ్డుకు అంటుకున్న మంచు ఒక ముక్క, నీటి మీద తేలేది ఒక ముక్క. పోటుకూ పాటుకూ ఆ రెండింటి మధ్య పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఇకుమా వెళ్ళి ఆ పగులు దగ్గర నిలబడింది. నీళ్ళు పగులు దాటి పైకి పొంగి మంచునంతా నానబెట్టాయి. ఇక్కడే ఇంత పొంగితే ఇరుకులో ఉరవడి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"రాత్రి చంద్రుడు కనబడలేదు," అంది, ఎవరితోనో అన్నట్టు.

"అమావాస్యనాడు ఎలా కనబడతాడు?" అన్నాడు అతను తాడు బిగిస్తూ.

"నీళ్ళు పగులు దాటి పైకొచ్చాయి. ఈ ఏడాది ఇంత పైకి రావడం నేను చూళ్ళేదు."

"మంచిదేగా. బండి దించుకోవడం తేలిక."

"చుట్టూ తిరిగి వెళ్తావేమో అనుకున్నా. అటైతే దారిలో వేటకు సీల్ జంతువులు కూడా తగులుతాయి."

"చుట్టూ పోతే రేపటిగ్గానీ రాలేను. ఈలోగా మీ కోడలు నన్నే కొరుక్కు తినేస్తుంది."

"నిన్ను తింటే ఏముంది, అన్నీ ఎముకలే," అంది గుమ్మంలో కూర్చున్న తాపీసా.

అతను నవ్వాడు. "మొన్న సగం చంద్రుడప్పుడు ఇరుకు మీదనుంచే వెళ్ళొచ్చాగా. బండరాయిలా ఉంది."

అక్కడ చెప్పాలి. మొన్నటి మంచు వేరు, ఇవాళ్టి మంచు వేరు, వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను అనాలి. ఇకుమా నోరు తెరిచింది కూడా.

"అది మొన్న..."

అతను దగ్గరికి వచ్చి, బొచ్చు తొడుగు వేసిన చేతిని ఆమె తలమీద పెట్టాడు. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి అచ్చం అలాగే పెట్టేవాడు.

"చిట్టితల్లీ, ఇరుకు సంగతి నాకా చెప్తున్నావు? నీకు నేర్పిందెవరు, నేను కాదూ?"

వేళాకోళమే. తాపీసా కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ ఇకుమాకు అది వేళాకోళంగా వినబడలేదు. నిజమే కదా, నేర్పింది ఆయనే. నేర్పినవాడికి తెలియదా? ఆ పొద్దు ఆమె మనసారా అలాగే నమ్మింది. నమ్మకపోతే ఎలా ఊరుకుంటుంది?

"నువ్వే నాన్నా," అంది.

బండి వెళ్ళిపోయాక ఆమె ఇంట్లో ఉండలేక ఊరి వెనక గుట్ట ఎక్కింది. మోటారు చప్పుడు సన్నబడుతూ ఇరుకు దాకా వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయింది. టీ కాచుకోడానికి ఆగి ఉంటాడని సర్దిచెప్పుకుంది. తరవాత ఎంతసేపటికీ అది మళ్ళీ మొదలవలేదు. గుట్ట దిగి పరుగెత్తుకుంటూ వచ్చి మగవాళ్ళను కేకేసింది.

వాళ్ళు వెళ్ళి చూశారు. బండి జాడ తిన్నగా వెళ్ళి నల్లటి నీళ్ళలో ఆగింది. ఆ అంచు రొట్టెపెచ్చంత మందాన ఉందట.

"బండికి కుక్కల్ని కట్టుంటే అవే ఆగిపోయేవి," అన్నాడొకడు. ఇకుమా అన్నయ్య వాణ్ణి ఊరుకోమన్నాడు.

శవం దొరకలేదు. ఇరుకులో పడ్డదాన్ని నీళ్ళు మంచు కిందికి ఈడ్చుకుపోతాయి. ఆనాటినుంచి ఇకుమా నీళ్ళు తీసిన ప్రతిసారీ వెళ్ళి ఒడ్డు పగులు దగ్గర కూర్చుని లోపలికి తొంగి చూసేది. పోటు తీసుకెళ్ళినవాణ్ణి పాటైనా తెచ్చి ఇస్తుందేమోనని ఆశ. ఎవరైనా వచ్చి లేవదీస్తే లేచేది. తిట్టేది కాదు. కుక్కలు ఆమె కాళ్ళకు అడ్డం పడినా ఏమీ అనేది కాదు. అది చూసే ఊరు ఎక్కువ భయపడింది.

అలా ఉండగానే తాపీసాకు నొప్పులొచ్చాయి. మంత్రసాని పానిక్‌పాక్ వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఏం పేరని ఎవరూ అడగలేదు. ఆడైనా మగైనా పేరు పేరే. మంత్రసాని పిల్ల చెవిలో "అలారియాక్" అని చెప్పి, తెచ్చి ఇకుమా ఒళ్ళో పెట్టింది.

ఇకుమా ఆ ముఖంలోకి చూసింది. తండ్రి పోయి కొడుకై వచ్చాడు, కొడుకు పోయి మనవరాలై వచ్చాడు. అందరూ ఆమె నోటినుంచి రావలసిన పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు.

"వచ్చావా నాన్నా," అంది. ఆ తరవాత గొంతు మారింది. "సిగ్గులేని ముసలోడా. నేను చెప్తుంటే నవ్వుతావా? తలమీద చెయ్యేసి నోరు మూయిస్తావా? అమావాస్యనాడు ఇరుకు మీదికి పోతావా, నీ బుద్ధి గడ్డి తిన్నదా?"

పానిక్‌పాక్ చేతిలో గుడ్డ కింద పెట్టేసింది. "ఎవరిని అంటున్నావో తెలిసే అంటున్నావా?"

"తెలుసు. మా నాన్నని."

"తండ్రిని అలా అనకూడదమ్మా."

"అనకపోతే ఏమైందో చూశావుగా."

పక్కమీద తాపీసా గోడవైపు తిరిగి ఏడుస్తోంది. పిల్లను తీసుకోడానికి పానిక్‌పాక్ చెయ్యి చాపేసరికి, తాపీసా ఇటు తిరగకుండానే అంది.

"తియ్యొద్దు. అననీ. ఇంకా తిట్టండత్తా."

పిల్ల ఏడుపు అందుకుంది. ఇకుమా ఆపలేదు. కొడుకును పెంచినన్నాళ్ళూ కడుపులో దాచుకున్న తిట్లన్నీ ఆ పూట తిట్టింది.